పల్లెవైద్యులకు ఆపత్కాల శిక్షణము

2012 మే 22వ తేదీ తెల్లవారుజామున పెనుకొండ రైలుస్టేషనులో నిలిచియున్న గూడ్సుబండిని హంపి ఎక్స్‌ప్రెస్సు ఢీకొనెను. దాదాపు 25 మంది మృతినొందిరి, అంతకుమించినవారు గాయపడిరి. పందొమ్మిది నెలలు గడచినవో లేదో, 2013 డిసెంబరు 28వ తేదీన, మరల ఆ తెల్లవారుజాముననే, బెంగుళూరునుండి నాందేడునకు పోవు ఎక్స్‌ప్రెస్సులోని ఎ.సి. బోగీ ఒకటి కొత్తచెరువు సమీపమున తగులబడి 26 మందిని పొట్టన బెట్టుకొనెను. ఏడాది తిరిగి కొలదిదినములైనను కాకమున్నే, 2015 జనవరి 7వ తేదీన, పెనుకొండ సమీపమున ఆర్.టి.సి. బస్సొకటి లోయలో పడి పదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. వారిలో పెక్కుమంది చదువుకొనుటకు పోవుచుండిన పిల్లలు. హిందూపుర ధర్మవరముల నడిమి ఈ చిన్న ప్రదేశమున మూడేండ్లు నిండకమున్నే మూడు ఘోరవిపత్తులు!

ఈ దుర్ఘటనలను మేము నేడు జ్ఞాపకము చేయుట మానిన పుండ్లను రేపుటకు గాదు. రైలు ఏల గుద్దుకొనెను, బోగీ ఏల అంటుకొనెను, బస్సు ఏల దొర్లెను అను విచారణలు ఆయా శాఖలవారివి. మా ప్రశ్న వేరు. ఇట్టి ఆపద కలిగినపుడు క్షతగాత్రుల చెంతకు మొట్టమొదట చేరువారెవరు? చుట్టుపట్ల పల్లెలవారు; వారి వెనుక పోలీసులు; వారితోడనే సమీప ప్రభుత్వ వైద్యశాలలోని ఒకరిద్దరు వైద్యులును నర్సులును. పెద్దాసుపత్రులు అనంతపురమునను బెంగుళూరునను ఉన్నవి. హిందూపురమునుండి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. పెనుకొండనుండి అనంతపురము సుమారు 70 కిలోమీటర్లు. వాహనము నెంత వేగముగ నడిపినను మొదటి గంట పల్లెవారిది, పల్లెవైద్యునిది. ఆ గంటలో ఊపిరి నిలుపుకొన్నవానిని పిమ్మట పెద్దాసుపత్రివారు బ్రదికింపవచ్చును. ఆ గంటలో నెత్తురంతయు కారిపోయినవానికి ఎంతటి శస్త్రవైద్యుడును ఏమియు చేయజాలడు. కావున ఆపత్కాల శిక్షణమను మాట పుట్టినపుడు అది ఈ మొదటి గంటవారితోడనే మొదలుకావలెను.

సర్కారు జిల్లాలవారు ఈ పాఠమును మిగుల వెలయిచ్చి నేర్చుకొనిరి. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై విరుచుకపడిన ఉప్పెనలో పదివేలమంది వరకు మరణించిరి. ఆ పిమ్మట తుపాను ఆశ్రయములు కట్టబడెను. హెచ్చరికలు ఊరూరికి చేరు మార్గములు ఏర్పడెను. ప్రజలను ముందుగనే తరలించు వాడుక వచ్చెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసినను మృతుల లెక్క పదులలోనే నిలిచెను. సముద్రము మారలేదు, గాలి మారలేదు. మారినది మనుష్యుని సంసిద్ధత. మన సీమలోనో, విపత్తు అనగానే అందరికిని తోచునది కరవొక్కటే. కరవు నెలల ముందుగనే మబ్బులేని ఆకసమునుండి కబురు పంపును. రైలుకు ఆ మర్యాద లేదు. అగ్నికి లేదు. ఏరునకైనను లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గగనమైన ఈ నేలపై 2021 నవంబరులో చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలములోని వెల్దుర్తికడ నీటినడుమ చిక్కుకొనిన 10 మందిని వాయుసేన హెలికాప్టరు వచ్చి గట్టెక్కింపవలసివచ్చెను. ఎండిన ఏటిలో మునుగుదుమని ఎవరనుకొందురు? అనుకొననిదే ఆపద.

చట్టములు లేవందుమా? పుష్కలముగ నున్నవి. మదరాసు రాజధానిలో 1939లోనే ప్రజారోగ్య చట్టము పుట్టినది. 2005లో దేశమంతటికిని విపత్తు నిర్వహణ చట్టము వచ్చినది. దానిననుసరించి ప్రతి జిల్లాలోను కలెక్టరు అధ్యక్షుడుగా ఒక ప్రాధికార సంస్థ యుండవలెను. జిల్లా ముఖ్య వైద్యాధికారి అందు పదవిరీత్యా సభ్యుడు. 2007లో జాతీయ సంస్థవారు పెద్దసంఖ్యలో జనులు గాయపడినపుడు వైద్యశాఖవారు చేయవలసిన పనులనుగూర్చి ప్రత్యేకమైన మార్గదర్శకములనే ప్రకటించిరి. ఇన్ని యుండియు, ఏదేని ఒక ప్రాథమికారోగ్యకేంద్రమునకు పోయి, "అయ్యా, ఈ రాత్రి మూడు గంటలకు నలువదిమంది క్షతగాత్రులు మీ వాకిట దిగినచో మొదట ఎవరు ఏమి చేయుదురు?" అని యడిగినచో తడుముకొనకుండ బదులు రావలెను. ఆ బదులే సంసిద్ధత, తక్కినదంతయు కాగితము.

శిక్షణమను పేర తరచుగ జరుగునది మన యెరిగినదే. జిల్లాకేంద్రమున ఒక మందిరము, గోడపై వెలుగుబొమ్మలు, ఉదయము ఉపన్యాసము, మధ్యాహ్నము భోజనము, సాయంకాలము యోగ్యతాపత్రము. ఉపన్యాసకుడు విద్వాంసుడే కావచ్చును. కాని ఈదుట ఒడ్డున కూర్చుండి నేర్చువిద్య కాదు. 2020లో కరోనా వచ్చినపుడు రక్షణదుస్తులను తొడుగుకొనుటయు, ఒంటికి మైల అంటకుండ విడుచుటయు మన పల్లె ఆరోగ్యసిబ్బందిలో ఎందరో వ్యాధి వాకిట నిలిచిన పిదపనే నేర్చుకొనవలసివచ్చెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వించుట మనకు సామెతలో తప్పుగ తోచును. ఆచరణలో మాత్రము అలవాటైపోయినది.

సరియైన శిక్షణమన నేమో ఒక ఉదాహరణముతో విన్నవింతుము. క్షతగాత్రులు అనేకులు ఒక్కమారుగ వచ్చినపుడు వైద్యుని మొదటి పని చికిత్స కాదు, వింగడింపు. తక్షణము చూడకున్న చనిపోవువారికి ఎఱ్ఱచీటి, కొంత తాళగలవారికి పసుపుచీటి, నడచి రాగలవారికి ఆకుపచ్చచీటి, మృతులకు నల్లచీటి. వినుటకిది బిడ్డల యాటవలె నున్నది. చేయుటయో, మిక్కిలి కఠినము. బిగ్గరగ నేడ్చువానిని విడిచి, మూలుగుటకును శక్తిలేక పడియున్నవానికడకు పోవలెను. తన ఊరివానిని దాటి పరాయివానిని ముట్టవలెను. అంతకన్న సూక్ష్మమైనది మరియొకటి కలదు. పొగ నిండిన పెట్టెలోనుండి బయటపడినవాడు నడచుచుండును, మాటలాడుచుండును. వానికి ఆకుపచ్చచీటి కట్టి ఒక ప్రక్క కూర్చుండబెట్టుట సహజము. కాని వాని ముక్కురంధ్రములలో మసియుండినను, ముక్కువెండ్రుకలు కమరియుండినను, గొంతు బొంగురుపోయినను, కొన్ని గంటలలో లోపలి వాపుచే శ్వాసమార్గము మూసికొనిపోవచ్చును. వాడు ఎఱ్ఱచీటివాడు. ముందు పంపదగినవాడు. ఈ భేదమును చీకటిలో, కేకలనడుమ, అర నిమిషములో గుర్తింపవలెనన్న ఒక దినపు ఉపన్యాసము చాలునా? చేతికి అలవాటు కావలెను.

రెండవది ఆజ్ఞాక్రమము. ఆపద వేళ పదిమంది ఆజ్ఞలిచ్చుటకన్న ఒకడు తప్పాజ్ఞ యిచ్చుట మేలని సైనికులందురు. స్థలమున వైద్యవిషయమున పెత్తనమెవరిది? 108 వాహనము ఎవరి మాట వినవలెను? హిందూపుర ధర్మవరముల ప్రభుత్వాసుపత్రులలో ఎన్ని మంచములు ఖాళీ యున్నవో ఎవరికి తెలియును? పుట్టపర్తిలో 1991లో వెలసిన సత్యసాయి ఉన్నతవైద్యశాల యున్నది. ధర్మవరమునకు చేరువ బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థవారి ఆసుపత్రి యున్నది. ఇవి ప్రభుత్వమువి గావు. అయినను ఆపదలో వాని తలుపులు తట్టక తప్పదు. తట్టినపుడు లోన ఎవరు పలుకవలెనో ముందుగ తెలిసియుండవలెను. మరియొక చిక్కు: హిందూపురము సరిహద్దుపట్టణము; ఆవల గౌరిబిదనూరు కర్ణాటకములోనిది. రోగి నెత్తురునకు రాష్ట్రపు టెల్లలు తెలియవు, అధికారుల దస్త్రములకు తెలియును. కావున సరిహద్దు కిరువైపుల వైద్యాధికారులును ఏటికొకమారైనను కలిసి అభ్యాసము చేయవలసియున్నది.

మూడవది నీరు. వరద తీసినపిమ్మటనే అసలు వ్యాధులు తలయెత్తును. వానిని నివారించుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. కూడికలు గుణకారములు తెలిసిన ఆరోగ్యకార్యకర్తయు, నాణ్యముగల బ్లీచింగుపొడియు చాలును. 1000 లీటర్ల నీటికి 2.5 గ్రాముల పొడి యన్నది వాడుకలోని లెక్క. అడ్డుకొలత 4 మీటర్లు, నీటిలోతు 5 మీటర్లు గల గుండ్రని బావిలో సుమారు 63 వేల లీటర్ల నీరుండును. దానికి 160 గ్రాములకు మించదు. వరదమురికి చేరిన బావికి పరీక్షించి ఇంకను ఎక్కువ వేయవలెను. వేసిన గంటకు లీటరునకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నదో లేదో చూచి గాని త్రాగనీయరాదు. మన ఎండలకు మూటలలోని పొడి సారము చచ్చును. ఏడాదినాటి పొడిని చల్లి నిశ్చింతగ నుండుట సున్నము చల్లి నిదురించుటవంటిదే. ఈ లెక్క ప్రతి గ్రామ ఆరోగ్యకార్యకర్త నోటనుండవలెను. ఊరి బావుల కొలతలన్నియు ఆమె పుస్తకములో ముందుగనే వ్రాసియుండవలెను. వరద వచ్చిన దినమున బావి కొలువ తాడు వెదకుట ఎవరికి శోభ?

నాలుగవది తెలియని ఆపద. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలులో విషవాయువు వెలువడినపుడు అది యేదో చెప్పువారు లేక వైద్యులు చీకటిలో తడుముకొనిరి. 2020 మే 7వ తేదీన విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి 12 మంది చనిపోయిరి. అదియు తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతముననే. ఆ యేడు డిసెంబరులో ఏలూరున వందలకొలది జనులు ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయిరి; మొదట సీసమనియు నికెలనియు, పిమ్మట పురుగుమందుల శేషములనియు నిపుణులు తలపోసిరి. మనయొద్ద నేడు తూముకుంటలో పరిశ్రమలున్నవి. పెనుకొండచెంత ఎఱ్ఱమంచిలో కార్ల కర్మాగారమున్నది. బెంగుళూరు హైదరాబాదుల నడిమి 44వ నంబరు రహదారి మీద ఇంధనపు టాంకర్లు రేయింబగళ్లు పరుగిడుచున్నవి. ఏ ఆవరణలో ఏ రసాయనము ఎంత నిలువయున్నదో, దానికి విరుగుడేదో, సమీప వైద్యశాల గోడపై వ్రాసియుండవలదా? కారణము తెలియని రోగము వచ్చినపుడు నెత్తురు, మూత్రము, నీరు, ఆహారము అను నాలుగింటి నమూనాలను మొదటిదినమే తీసి పేరు గంట వ్రాసి దాచుట నేర్పవలదా? రెండవదినము తీసిన నమూనా తరచుగ సాక్ష్యమునకు పనికిరాదు.

అయిదవది మృతులయెడ కర్తవ్యము. నాందేడు బండిలో కాలిపోయినవారిని గుర్తించుటకు జన్యుపరీక్షలు చేయవలసివచ్చెను. బంధువులు ఒక ఆసుపత్రినుండి మరియొక ఆసుపత్రికి పరుగిడుచుండగా, ఎవరెక్కడ నున్నారో ఒకచోట ఒకడు నిజము చెప్పగలుగుట కూడ వైద్యసేవయే. ఇదియు నేర్వవలసిన పనియే గాని దానంతట అదియే వచ్చునది కాదు.

ఇందులకు వచ్చు ఆక్షేపణ మేమెరుగుదుము. "ఉన్న వైద్యులకు దినదినము వచ్చు రోగులను చూచుటకే తీరిక లేదు, ఖాళీలు నింపకయే అభ్యాసములా?" అని యందురు. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. 1946లో భోర్ సంఘమువారు నలువదివేల జనమునకొక ప్రాథమికారోగ్యకేంద్రము చొప్పున తొలిమెట్టుగ నెలకొల్పవలెనని చెప్పినది మొదలు నేటివరకు కట్టడములు పెరిగినంత వేగముగ మనుష్యులు పెరుగలేదు. అయినను మూడునెలల కొకమారు అరపూట తీరిక చేసికొనజాలని వైద్యశాల, ఒక్క రాత్రి నలువదిమంది వచ్చినపుడు మాత్రమెట్లు తీరిక చేసికొనగలదు? తీరిక లేనివారికే అభ్యాసము మరింత అవసరము. అది కాలమును మిగిల్చును గాని హరింపదు. వైద్యులు బదిలీయై పోవుదురన్నది రెండవ ఆక్షేపణ. నిజమే. కాని ఆశా కార్యకర్త ఊరు విడిచిపోదు. ఏ.ఎన్.ఎం. ఏండ్లతరబడి ఆ ప్రాంతమునే తిరుగుచుండును. జ్ఞాపకమును వైద్యునియందుంచక వైద్యశాలయం దుంచినచో బదిలీలు దానిని తీసికొనిపోజాలవు.

1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారి బాంబులు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను పడినవి. ఆ కాలమున పరాయి ప్రభుత్వము సయితము తన పట్టణములలో విమానదాడి రక్షకదళములను కూర్చి, ఈల వినగానే ఎవరెక్కడ నిలువవలెనో దీపములార్పి రాత్రివేళ అభ్యాసము చేయించినది. తన రాజ్యమును కాపాడుకొనుటకు దానికా శ్రద్ధ కలిగెను. మన ప్రభుత్వము మన ప్రాణములను కాపాడుటకు అంత శ్రద్ధయైనను వహింపవలదా?

ప్రభుత్వమువారిని మేము కోరునవి గొంతెమ్మకోరికలు గావు. ప్రతి ప్రాథమికారోగ్యకేంద్రమునందును ఏటికి నాలుగు అభ్యాసములు జరుపుడు. నాలుగింటిలో ఒకటి ముందుగ చెప్పకుండ తెల్లవారుజామున మూడు గంటలకు జరుపుడు. మన విపత్తులలో పెక్కు ఆ వేళకే వచ్చుచున్నవి గాని మధ్యాహ్న భోజనానంతరము రావు. ధర్మవరము కూడలిస్టేషను, రైల్వేవారిని, అగ్నిమాపకదళమువారిని, పోలీసువారిని, కర్మాగారములవారిని ఏటికొకమారు అచ్చట చేర్చుడు. క్రొత్తగ వచ్చిన ప్రతి వైద్యునికిని చేరిన నెలలోపల ఈ శిక్షణ మిప్పించి పట్టికలో వ్రాయుడు. కట్టుగుడ్డలు, చీటీలు, దీపములు, రక్తస్రావము నరికట్టు పట్టీలు గల పెట్టె యొకటి ప్రతికేంద్రమున నుంచి, గడువుతీరిన మందులను మార్చుచుండుడు. అన్నిటికన్న ముఖ్యముగ, ప్రతి అభ్యాసము పిదపను కనబడిన లోపములను దాచక గ్రామపంచాయతీకి తెలియజేయుడు. లోపము లేదని వ్రాయు నివేదిక అభ్యాసము జరుగలేదనుటకు సాక్ష్యము. 2022 ఏప్రిలు 4వ తేదీన శ్రీసత్యసాయి జిల్లా వేరుగ నేర్పడినది. క్రొత్తజిల్లాకు పాతజాడ్యము లంటకముందే మంచి వాడుకలు పెట్టుట సులభము.

మా చదువరులతో కూడ ఒకమాట. భూవసతిగలవారును పట్టణవర్తకులును దీనిని ప్రభుత్వపు పనియని ఊరకుండరాదు. ఆపద దినమున మొదట కావలసినవి మీ ట్రాక్టర్లు, మీ నులకమంచములు, మీ బావులు, మీ కల్యాణమండపములు, మీ ఇండ్ల పడుచువారి భుజములు. విరిగిన నడుమును ఎట్లెత్తవలెనో తెలియక ఎత్తిన చేయి ఎంత దయగలదైనను అపకారమే చేయును. మీ ఊరి యువకులను పదిమందిని ఆరోగ్యకేంద్రపు అభ్యాసమునకు పంపుడు. ఏ వాహనము ఎవరియొద్ద నున్నదో, రాత్రివేళ ఏ తలుపు తట్టవలెనో పట్టిక వ్రాసి వైద్యునికిండు. పంచాయతీసభలో చెరువుకట్టనుగూర్చి అడిగినట్లే, "ఈ మూడునెలలలో మన కేంద్రమున అభ్యాసము జరిగినదా?" అని యడుగుడు. అడుగువాడు లేనిచోట చట్టము నిదురించును.

మరియొక తెల్లవారుజాము రాక తప్పదు. అది పెనుకొండ గుట్టలకడనో, ధర్మవరపు పట్టాలమీదనో, హిందూపురపు పారిశ్రామికవాడలోనో ఎవరెరుగుదురు? నాడు పల్లెవైద్యుడు తలుపు తెరచినపుడు వాని చేతిలో యోగ్యతాపత్రమున్నదా, లేక వాని చేతులకే విద్య వచ్చియున్నదా అనుదానిపై ఎందరిదో బ్రదుకు నిలిచియుండును. ఆ నిర్ణయము నాడు చేయునది గాదు, నేడు చేయవలసినది. ప్రభుత్వమువారు ఇకనైనను జాగరూకులై ఈ కార్యమునకు పూనుకొందురుగాక!